ఆదివారం గాలిల సీసం

కరీంనగర్ల నేను చేసిన మొదటి నౌకరి గాలిని పట్టుడు. ఎవరన్న అడిగితే గట్లనే చెప్పేదాన్ని, విని నవ్వేటోళ్ళు. కెమిస్ట్రీల పీజీ అయిపోయినంక ఒక కాలేజీ సార్ దగ్గర ప్రాజెక్టుల చేరిన. పట్నం గాలిల ఏ లోహాలున్నయి, ఏ జాగల ఎక్కువున్నయి, ఏ కాలంల తగ్గుతున్నయి, ఇది తేల్చుడు మా పని. మూడు డాబాల మీద మూడు మిషన్లు పెట్టినం. ఒకటి బస్టాండు పక్కన లాడ్జి మీద. ఒకటి ఊరవతల గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్క స్కూలు మీద. మూడోది గల్లీల ఒక మామూలు ఇంటి మీద.

మిషన్ అంటే నడుమెత్తు డబ్బా. పైన తెల్లటి ఫిల్టర్ కాగితం పరిచి స్విచ్ వేస్తే రోజంత గాలిని లోపలికి గుంజుతది. గాలి పోతది, దుమ్ము కాగితం మీద ఉండిపోతది. తెల్లారి నేను పోయి చిమ్టాతోని పాత కాగితం తీసి కవర్ల పెట్టి, కొత్తది పరిచి వస్త. ల్యాబ్ల ఆ కాగితాన్ని తూచి, ఆసిడ్ల ఉడికించి, ఆ నీళ్ళను ఇంకో మిషన్‌కు అందిస్తే ఇనుము ఎంత, రాగి ఎంత, జింకు ఎంత, సీసం ఎంత అని చెప్తది.

గల్లీల ఇల్లు ఇచ్చినామెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. కొడుకు మస్కట్ల ఉండె. కోడలు బట్టల షోరూముల పనికి పోయేది. మూడేండ్ల మనుమరాలు పొద్దంత పెద్దమ్మ దగ్గర్నే. ఆమె పెనిమిటి, నేను పెద్దబాపు అనేటాయన, తను గూడ గల్ఫ్‌ల ఒక గ్యారేజీల శాన ఏండ్లు చేసి, నడుం పట్టుకపోయి తిరిగొచ్చిండు. ఇంటి ముందట గదిల బ్యాటరీల దుకాణం పెట్టుకున్నడు. ఆటోలయి, ఇన్వర్టర్లయి చార్జింగ్ పెట్టుడు, పాతయి కొనుడు.

మొదటి రోజు మిషన్ నడిపితే పెద్దమ్మ చెవులు మూసుకున్నది. "ఏంది బిడ్డా, నెత్తి మీద గిర్ని పెట్టినట్టున్నది!" అన్నది. రెండో రోజు డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు పక్కకు జరిపి నాకు తొవ్వ ఇచ్చింది. వారం తిరగకముందే నేను పొద్దుగాల పోతే చాయ్ గిలాస నా చేతుల పెట్టేది. నెల తిరిగెటాళ్ళకు అక్కడ్నే అన్నం గూడ తింటున్న. నేనుండే హాస్టల్ల వంట మంచిగుండకపోయేది, అది ఆమెకు చెప్పిన, ఇగ నన్ను తినకుండ పోనియ్యలే. చిన్నది నా మెడల ఉన్న ఐడీ కార్డు పట్టుకొని ఊగేది. "గాలి అక్క వచ్చింది, గాలి అక్క" అని ఒర్రేది. అప్పుడు దానికి మాటలు మంచిగనే ఉండె.

మొదటి ఆరు నెలలు నాకు పని పండుగలెక్కనే అనిపించింది. బస్టాండు కాగితం మీద రాగి, జింకు. బ్రేకులు అరిగితే రాగి, టైర్లు అరిగితే జింకు అని సార్ చెప్పిండు. స్కూలు మీది కాగితం బూడిద రంగుల ఉండేది, దాంట్ల ఇనుము. దీపావళి తెల్లారి మూడు కాగితాలల్ల బేరియం వచ్చింది. ఆకుపచ్చ వెలుగు ఇచ్చే పటాకులల్ల ఉండేది అదే. వానపడ్డ మర్నాడు అన్నీ తగ్గిపోయేటియి. గాలికి గూడ ఒక తీరు ఉన్నది, వారాలున్నయి, కాలాలున్నయి అని నాకు అప్పుడే తెలిసింది. ఆదివారం బస్సులు తక్కువ, లారీలు తక్కువ, కాగితాలు తేలికైతయి.

ఒక్క గల్లీ కాగితమే ఎదురు తిరిగింది. ఆదివారం పెట్టి సోమవారం తీసిన కాగితంల సీసం లేచిపోతుండె. బస్టాండు కన్న, లారీల రోడ్డు కన్న ఎన్నో రెట్లు. మంగళవారం దిగుతది, మళ్ళ ఆదివారం లేస్తది.

సార్ నన్ను గదిలకు పిలిచిండు.

"కాగితం చేత్తో ముట్టుకున్నవా?"

"లేదు సార్. చిమ్టాతోనే తీస్త."

"కవర్లు పాతవి వాడుతున్నవా? ఆ ఇంట్లో టీ తాగి అదే చేతులతో పైకి పోతున్నవట గదా."

నాకు ముఖం కాలినట్టయింది. చాయ్ సంగతి ఈయనకు ఎవరు చెప్పిన్రో నాకు తెల్వదు. పెట్రోలుల సీసం బందై శాన ఏండ్లయింది, ఇండ్ల నడుమ గల్లీల గింత సీసం ఎట్ల వస్తది, నువ్వే ఎక్కడ్నో ఖరాబు చేస్తున్నవు అన్నడు. ఆ చలికాలం నన్ను ఆదిలాబాదుకు పంపిండు. అక్కడ రెండు నెలలు కాగితాలు పట్టి కరీంనగర్‌తోని పోల్చాలె. శిక్ష అని అనలే, గని నాకు శిక్షలెక్కనే తోచింది.

ఆదిలాబాద్ల చలి నేను ఎన్నడు చూడని చలి. పత్తి మార్కెట్టు దగ్గర ఒక గోదాం డాబా మీద మిషన్ పెట్టిన. అక్కడి వాచ్‌మన్ ముసలాయన, మరాఠీ కలిసిన తెలుగు. పొద్దుగాల పత్తి కట్టె మంట ముందట కూసొని నన్ను చూసి, "ఏం బాయి, మా ఊరి పొగ పట్టుకపోతున్నవా?" అనేటోడు. నిజంగనే పొగ. తెల్లారి కాగితం తీస్తే పెనం అడుగులెక్క నల్లగ ఉండేది. ఊరంత కట్టెలు, పత్తి మోళ్ళు కాలవెడుతుండె. ఇంత నల్లటి కాగితంల ఏమేం విషాలుంటయో అని భయపడ్డ. ల్యాబ్‌కు పంపిస్తే మసి మస్తున్నది, సీసం లేనంత తక్కువ.

గా నల్ల కాగితం చేతుల పట్టుకొని నేను కరీంనగర్ల సోమవారం కాగితం యాది చేసుకున్న. అది జర మసక పడ్డ తెలుపు. చూస్తే దాంట్ల ఏం లేదనిపిస్తది. చిమ్టా అదే, కవర్లు అవే, చేతులు నావే. అక్కడ సీసం వచ్చింది, ఇక్కడ రాలే. అయితే తప్పు నా చేతులది కాదు. ఆ గల్లీల ఉన్నదేందో ఉన్నది.

మాఘమాసంల తిరిగొచ్చినంక సార్‌ను అడగకుండనే ఒక పని చేసిన. ఒక ఆదివారం రోజుకొక్క కాగితం కాకుండ నాలుగు గంటలకొకటి మార్చాలని అనుకున్న. పొద్దుగాల తొమ్మిదింటికి ఒకటి పెట్టిన. ఒంటిగంటకు రెండోది పెట్టేతందుకు పోయిన. ఆదివారం పగటిపూట నేను ఆ ఇంటికి పోవుడు అదే మొదటిసారి. గల్లీ అంత అన్నాలు తిని పండుకున్నది. దుకాణం షట్టర్ దించి ఉన్నది. డాబా ఎక్కిన. వెనుక పెరట్ల నుంచి ఏదో తియ్యటి, గొంతు గీరే వాసన వచ్చింది. పిట్టగోడ మీదికెళ్ళి వంగి చూసిన.

రేకుల చాటుకు భట్టి. దాని మీద ఇనుప మూకుడు. పెద్దబాపు ముక్కుకు తువ్వాల కట్టుకొని, పగులగొట్టిన బ్యాటరీల లోపలి పలకలను మూకుడుల ఏస్తుండు. అయి కరిగి వెండిలెక్క మెరుస్తున్నయి. మీద పసుపుపచ్చ పొగ. గంటెతోని తీసి అచ్చులల్ల పోస్తుండు. రేకు తలుపు దగ్గర చిన్నది కూసొని, అచ్చు లోంచి తీసి చల్లార్చిన సీసం ముద్దతోని నేల మీద గీతలు గీస్తున్నది. మధ్య మధ్యల వేళ్ళు నోట్ల పెట్టుకుంటున్నది.

కాగితం మార్చి కిందికి దిగిన. పెద్దమ్మ నన్ను చూసి, "ఇయ్యాల గిప్పుడొచ్చినవేంది, తిన్నవా?" అన్నది. తిన్న అని అబద్ధమాడి బయటికొచ్చిన.

భట్టి సంగతి చెప్పి, పగటి కాగితంల సీసం చూపించినంక సార్‌కు అర్థమైంది. నా మీద అనుమానం పడ్డందుకు ఒక్క మాట అనలే, గని ఫలితం చూసి సంబురపడ్డడు. మంచి ఫలితం అన్నడు. నేను ఇంటోళ్ళకు చెప్తనన్న.

"వద్దు," అన్నడు. "మనం డాక్టర్లం కాదు, పోలీసులం కాదు. డాబా ఇచ్చినోళ్ళను మనమే పట్టిస్తే రేపు ఈ ఊళ్ళో ఎవ్వరూ మనకు డాబా ఇయ్యరు. రిపోర్టు రాసేటప్పుడు ఉత్త నివాస ప్రాంతం అని రాస్తాం. ఎండకాలం కూడా చూద్దాం. గాలి మారితే ఏమవుతుందో తెలియాలె గదా. వాళ్ళకు చెప్తే భట్టి ఆపేస్తారు, మన లెక్క మధ్యలో తెగిపోతుంది."

నేను సరే అన్న. ఈ మాట రాసేతందుకే నాకు ఇన్నేండ్లు పట్టింది. సరే అన్న. నాకు నౌకరి కావాలె, సార్ ఇచ్చే సిఫారసు ఉత్తరం కావాలె. నెలన్నర నోరు మూసుకొని ఆ ఇంటికి పోయిన, వచ్చిన. కాగితం తీసిన, కాగితం పెట్టిన. పెద్దమ్మ అన్నం పెడితే తిన్న. ఎండకాలం గాలి మొదలైంది. గల్లీ కాగితంల సీసం తగ్గింది. ఎటు పోయిందని గల్లీ చివర అంగన్‌వాడి మీద ఒక వారం మిషన్ పెట్టి చూస్తే, అక్కడ లేచింది. చలికాలం గాలి కదలక ఇంటి మీదనే కూసున్న పొగను ఎండకాలం గాలి పిల్లల బడి మీదికి తోసుకపోతున్నది. సార్ ఆ గ్రాఫు గీత చూసి కాలాన్ని బట్టి భలే మారుతున్నదన్నడు.

ఆ నెలన్నరల చిన్నది మారిపోయింది. నేను ఆదిలాబాద్ పోకముందు గల్లీ అంత లేపేది. ఇప్పుడు పిలిస్తే అటే చూస్తది గని రాదు. కడుపు పట్టుకొని మూలుగుతది. అన్నం ముట్టదు. గోడ సున్నం గీకి తింటది. కొన్ని మాటలు పోయినయి. పెద్దబాపు కుడి మణికట్టు కిందికి వాలిపోయింది, చాయ్ గిలాస ఎడమ చేత్తోని పట్టేటోడు. నడుం నరం లాగుతున్నదని మాలిష్ చేయించుకుంటుండె. చిన్నదానికి గ్యాసని మందు పోస్తుండ్రి.

ఒకనాడు పొద్దుగాల నేను మెట్లు దిగుతుంటే పెద్దమ్మ చిన్నదాన్ని ఒళ్ళ పండుకోబెట్టుకొని అడిగింది. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. మొన్నటిదాక గాలి అక్క గాలి అక్క అని నిన్ను పిలిచేది గదా. ఇప్పుడు అవ్వా అని గూడ అంటలేదు. ఎవరన్న ఏమన్న చేసిన్రా?"

నేను ఆమె పక్కన మెట్టు మీద కూసున్న. చెప్పిన. భట్టి సంగతి, సీసం పొగ సంగతి, ముద్ద పట్టిన వేళ్ళు నోట్ల పెట్టుకునుడు సంగతి, ఎండకాలం డాబా మీద సీసం తగ్గిన సంగతి అన్నీ చెప్పిన.

"ఎండకాలం మా ఇంటి మీద తగ్గిందంటివి. అయితే ఎండకాలం మంచిదేనా?"

"ఎండకాలం వేరేటోళ్ళ ఇంటికి పోతది పెద్దమ్మా. అంగన్‌వాడికి."

ఆమె నా దిక్కు తిరిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నది.

"నెలన్నరయింది."

ఆమె తిట్టలే. తిట్టినా బాగుండు. చిన్నదాని నెత్తి నిమురుకుంట, "నెలన్నర," అని ఒక్కసారి అన్నది. లేచి లోపటికి పోయింది.

పెద్దబాపు మాత్రం మస్తు కోపానికొచ్చిండు. "నా ఇంటి మీద మిషన్ పెట్టుకొని, నా ఉప్పు తిని, నా పొగనే తూస్తున్నవా? గల్ఫ్‌ల ఇంతకన్న పొగల బతికిన. నాకేమయింది?" అన్నడు. అంటుంటే ఆ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతనే ఉన్నది. మిషన్‌ను ఒంటి చేత్తోని మెట్ల మీదికెళ్ళి గుంజుకొచ్చి వాకిట్ల పెట్టిండు. అందుట్ల చివరి కాగితం సగం చినిగి వేలాడింది.

సార్‌కు నేనే పోయి చెప్పిన. ఆయన ఒర్రలే. రేపటి నుంచి రావద్దన్నడు. గట్లనే నా మొదటి నౌకరి అయిపోయింది.

నాలుగు దినాలకు పెద్దమ్మ హాస్టల్‌కు వచ్చింది. కోడలు గూడ ఉన్నది, చిన్నది ఆమె భుజం మీద పండుకున్నది. "ఏ పరీక్షనో, ఎక్కడ చేస్తరో నువ్వే చూపియ్యి," అన్నది. ముగ్గురం కలిసి హైదరాబాద్ పోయినం. చిన్నదాని రక్తంల సీసం ఉండకూడనంత ఉన్నది. డాక్టర్ కాగితం చదివి, ఏం పని చేస్తరమ్మా ఇంట్ల అని అడిగిండు. కోడలు గోడ దిక్కు తిరిగి ఏడ్చింది. పెద్దమ్మనే జవాబు చెప్పింది. "మా ఆయిన బ్యాటరీలు కరగబెడుతడు సార్. పిల్ల పక్కనే కూసునేది. నేనే కూసోబెట్టిన, నా పగటి నిద్ర చెడగొడుతున్నదని."

తిరిగొచ్చిన దినమే ఆమె భట్టి మూకుడును గునపంతోని పగులగొట్టబోయింది. పగలలే. రేకులు మాత్రం పీకేసింది. పెద్దబాపుకు గూడ రక్తం తీయించింది, పిల్లకన్న ఎక్కువున్నది. అప్పుడు ఆయన కోపం దిగింది. మందులు మొదలువెట్టిన్రు. కోడలు చిన్నదాన్ని తీసుకొని ధర్మపురి పక్కన తన తల్లిగారింటికి పోయింది, ఇల్లంత కడిగి, పెరటి మట్టి తీయించేదాక రానన్నది.

గిక్కడితోని అయిపోతే బాగుండు. పెద్దబాపు భట్టి సామానంత ఇంకొకాయనకు అమ్మిండు. ఆ సంగతి పెద్దమ్మకు రెండు నెలలకు తెలిసింది. నాకు ఫోన్ చేసింది. "హుస్నాబాద్ తొవ్వల ఇటుక బట్టీల వెనుక పెట్టిన్రట. అక్కడ పనోళ్ళ పిల్లలుంటరు. నాతోని వస్తవా?"

పోయినం. బస్సు దిగి చెలకల పొంటి నడిచినం. ఇటుక బట్టీ పొగ ఎర్రగ లేస్తున్నది, దాని వెనుక ఆ పసుపుపచ్చ పొగ కలిసి తెలుస్త లేదు. ఆ మూకుడు అదే. పెద్దమ్మ గునపంతోని కొట్టిన సొట్ట దాని అంచు మీద అట్లనే ఉన్నది. నా దగ్గర మిషన్ లేదు, కాగితం లేదు. అక్కడ ఎంత సీసమున్నదో చెప్పేటోళ్ళు ఎవ్వరు లేరు. పెద్దమ్మ గుడిసెల దగ్గరికి పోయి ఆడోళ్ళను కూసోబెట్టింది. వాళ్ళు వేరే రాష్ట్రపోళ్ళు, తెలుగు అంతంతే. ఫోన్ల ఉన్న మనుమరాలి ఫోటో చూపిచ్చింది, భట్టి దిక్కు చెయ్యి చూపిచ్చింది, నోరు చూపిచ్చి చెయ్యి ఆడిచ్చింది. ఒకామె తన పిల్లగాన్ని గుంజి ఒళ్ళ పెట్టుకున్నది. మిగతావాళ్ళు మమ్ముల చూసి బెదిరిన్రు. మేము పని చెడగొట్టేతందుకు వచ్చినమనుకున్నరు.

పొల్యూషన్ ఆఫీసుల అర్జీ ఇయ్యాలని నేను రాయబోయిన. ఎవరి పేరు రాద్దామని అడిగిన. నా పేరే రాద్దామని నేను అనుకొనే ఉన్న, గని నోటికి రాలే.

"నా పేరు రాయి," అన్నది పెద్దమ్మ. "మా ఇంట్ల కెళ్ళి పోయిన పొగనే గదా."

అధికారులు ఒకనాడు వచ్చిన్రట, భట్టిని మూయించిన్రట. పెద్దబాపు ఆమెతోని మూడు నెలలు మాట్లాడలే. మూకుడును ఆఫీసోళ్ళు తీసుకపోయిన్రా, మళ్ళ ఇంకో చోట మండుతున్నదా, మాకు తెల్వలే. చిన్నది ఇప్పుడు బడికి పోతున్నది. కడుపునొప్పి పోయింది. మాటలు వచ్చినయి గని మెల్లగ, ఒక్కొక్కటి వెతుక్కున్నట్టు వస్తయి. పెద్దబాపు మణికట్టు లేవలే.

నేను ఇప్పుడు ఆదిలాబాద్ల ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్న. పెండ్లయింది. పోయినేడు పెద్దమ్మను చూడపోయిన. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆమె ఉన్నట్టుండి అడిగింది. "అవునే, ఏడాదికి దగ్గర దగ్గర మా ఇంట్ల తిన్నవు, తాగినవు. నీది చూపించుకున్నవా?"

చూపించుకోలే. మూడు డాబాల గాలిని తూచినదాన్ని, నా రక్తం సంగతి ఒక్కనాడు యాదికి రాలే. తిరిగొచ్చినంక పరీక్ష చేయించుకున్న. వాళ్ళంత లేదు, గని ఉన్నది. సీసం ఎముకలల్ల పోయి కూసుంటదట. ఏండ్లు ఉంటదట. కడుపుతోని ఉన్నప్పుడు ఎముకల నుంచి మళ్ళ రక్తంలకు దిగుతదని డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు నాకు ఐదో నెల. డాక్టరమ్మకు మొదటి దినమే అన్నీ చెప్పిన, ఏమీ దాచలే. ఆమె రాసుకున్నది, పాలు, కాల్షియం గోలీలు మానొద్దన్నది, నెలకోసారి రక్తం చూద్దామన్నది. మా ఆయన ఫికర్ చేస్తడని ఆయనకు సగమే చెప్పిన. నిన్న మళ్ళ రక్తం ఇచ్చొచ్చిన. రిపోర్టు ఇంకా రాలే. పొద్దటి సంది ఫోన్ చేతుల పట్టుకొనే తిరుగుతున్న.